వడపోయని ద్రావణం

ప్రయోగశాలలో అందరూ ఆమెకు పెట్టిన పేరు వంకరచెయ్యి. రెండేళ్లుగా ఆమె చేస్తున్నది ఒకటే పని. వెచ్చని గాజుపలక మీద సేంద్రియ అర్ధవాహక (ఆర్గానిక్ సెమీకండక్టర్) ద్రావణం చుక్క వేసి, బ్లేడుతో నెమ్మదిగా లాగడం. ఆరేటప్పుడు ఆ పొరలో స్ఫటికాలు పొడవాటి పట్టీలుగా ఒకే దిక్కున పెరగాలి. అప్పుడే కరెంటు సాఫీగా పారుతుంది. ఆమె పలకల మీద మాత్రం చక్కెర చల్లినట్టు పొడిపొడిగా తేలేవి. వేగం మార్చింది, వేడి మార్చింది, బ్లేడు వాలు మార్చింది. ఏదీ కుదిరి చావలేదు.

ఆమెకు ముందు ఇదే పని చేసి వెళ్ళిన సీనియర్‌కు మొదటి వారంలోనే పట్టీలు వచ్చాయట. దాని మీద అచ్చయిన పరిశోధన వ్యాసంతోనే వాళ్ళ గైడు ప్రొఫెసర్‌గారికి పేరొచ్చింది. "పద్ధతంతా పొల్లుపోకుండా రాసి ఉంది కదమ్మా. లోపం నీ చేతిలోనే ఉంది" అనేవారాయన, అదీ పదిమందిలో. ఆమె తలొంచుకుని వినేది. ఈ శుక్రవారంలోగా ఆయన గడువు పెంచకపోతే డాక్టరేట్ మాట మరిచిపోవడమే.

బుధవారం మధ్యాహ్నం ఉండబట్టలేక సీనియర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, ద్రావణం వడపోయడానికి మీరు వాడింది పేపర్లో రాసిన ఫిల్టరేనా?"

"ఫిల్టరా? అప్పుడవి అయిపోయాయమ్మా. అలాగే పోసేశా. పేపర్లో అందరూ రాసే లైనే కదా, మేమూ రాసేశాం. ఏం, ఇప్పుడెందుకు?"

ఎందుకట! ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. ఫోన్ పెట్టేసి, ద్రావణాన్ని రెండు సీసాల్లో పోసి, ఒకదాన్ని మాత్రమే వడపోసింది. గంటలో సూక్ష్మదర్శిని కింద సంగతి తేలిపోయింది. వడపోయని దాంట్లో కరగని నలుసులున్నాయి. స్ఫటికాలు వాటిని పట్టుకుని బ్లేడు వెంట బారుగా సాగాయి. వడపోసిన దాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేక, ఆఖర్న ఒక్కసారిగా అంతటా పొడి రాలింది. సంతోషించాల్సిన సమయమే. ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఏడుపుకు రెండింతలు కోపమొచ్చింది.

సూక్ష్మదర్శినితో తీసిన రెండు ఫొటోలూ చూసి ప్రొఫెసర్‌గారు పక్కన పెట్టారు. ఆనక గడువు ఫారం ఆమె ముందుకు జరిపారు.

"పెంచుతాలే. ఫిల్టర్ గొడవ మాత్రం బయటికి రాకూడదు. ఆలస్యానికి కారణం అన్నచోట 'పని చేతికి రావడానికి సమయం పట్టింది' అని రాయి."

ఆమె పెన్ను తీసుకుని, "ద్రావణాన్ని వడపోయకుండానే వడపోశామని వ్యాసంలో రాసినందువల్ల" అని రాసింది.

"మతిపోయిందా? దీని మీద నేను సంతకం పెట్టాలా?"

"మీరు రాసిన అబద్ధానికి నేను రెండేళ్లు మాటలు పడ్డాను సార్. మీరు ఈ నిజం కింద ఒక్క సంతకం పెట్టలేరా?"

ఆయన పెట్టలేదు. ఆ సాయంత్రమే ఆమె ఫొటోలు రెండూ ఆ వ్యాసం వేసిన పత్రిక సంపాదకులకు పంపింది. శుక్రవారం సీటు పోయింది.

నాలుగు నెలల తర్వాత పత్రికలో చిన్న సవరణ వచ్చింది. ద్రావణాన్ని వడపోయలేదని, ఆ నలుసులే స్ఫటికాలకు ఆధారమని వ్యాసకర్తలు ఒప్పుకున్నారు. కింద సంపాదకులు రాసిన ఇంకో వాక్యం ఉంది: "ఈ కొత్త విషయాన్ని కనిపెట్టి, నిజాయితీగా తెలియజేసిన ప్రొఫెసర్‌గారికి కృతజ్ఞతలు."