కమోడ్‌కి జీడి నూనె

పెళ్ళయిన నలభై రెండో రోజున మా కమోడ్ ఊగడం మొదలుపెట్టింది. మొదట్లో నాకు సరదాగానే ఉండేది. ఈ పలాస ఇంట్లో నాకు అన్నీ సరదాయే. పొద్దున్నే బట్టీ నుంచి వచ్చే కాల్చిన జీడిపిక్కల వాసన సరదా. తుమ్మబోయే ముందు మా ఆయన ఉమాశంకర్ ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తడం సరదా. కూర్చుంటే పడవలా ఊగే కమోడ్ మాత్రం ఏం పాపం చేసింది?

ఆదివారం నాన్న సారె తీసుకొస్తున్నాడని తెలిశాక ఆ సరదా కాస్తా దిగిపోయింది. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక ఆయన గొంతుక్కూర్చోలేడు. కమోడ్ లేని ఇంట్లో కాఫీ కూడా సగమే తాగి లేచిపోతాడు. "రెండ్రోజులుంటానమ్మా. మీ ఇంట్లో అది ఉంది కదా?" అని ఫోన్‌లో గొంతు తగ్గించి అడిగాడు. ఉందన్నాను. నా ఇంట్లో నాన్న నిద్ర చేయడం కంటే నాకు ఆ వారం ఇంకేమీ అక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే ప్లంబర్ సన్యాసయ్య వచ్చి కమోడ్ ఎత్తి పక్కన పెట్టాడు. కింద మా తాతమామగారి కాలం నాటి పోత ఇనుప పైపు. దాని మూతి చుట్టూ కమోడ్‌ని బోల్టులతో బిగించే ఇనుప అంచు ఉంటుంది, దాన్నే ఫ్లాంజి అంటారట. అది సగం తుప్పు పట్టి ఊడిపోయింది.

"ముసలోడి పళ్ళలాగున్నాది బాబూ. సుత్తి పెట్టి కొట్టినామంటే పైపు పగిలిపోద్ది. అప్పుడు వీధి దాకా తవ్వుకోవాల," అన్నాడు సన్యాసయ్య.

కొట్టలేదు. విరిగిన అంచు మీద కొత్త స్టీలు రింగు పరిచి, నేలలో నాలుగు బెజ్జాలు వేసి బిగించాడు. అంతా అయ్యాక తల గోక్కున్నాడు. పైపుకీ కమోడ్‌కీ మధ్య నీళ్ళు కారకుండా పెట్టే మైనం రింగు లేదట. విశాఖ నుంచి రావాలి, రెండ్రోజులు పడుతుంది. నాన్న పన్నెండింటికల్లా వచ్చేస్తాడు.

నా మొహం చూసి ఉమాశంకర్ చొక్కా చేతులు మడిచాడు. "మన బట్టీలో పిక్కల తొక్కల్నుంచి కారే జీడి నూనె నేదా? పడవ సందులకి అదే కదా ఏత్తారు. సముద్రమే ఆగుద్ది, మావయ్య ఆగడా?"

"ఒరే, అది జీడిరా! ఎక్కడ తగిల్తే అక్కడ బొబ్బలే," అంది మా అత్తగారు సరోజిని.

"బట్టీలో పుట్టి పెరిగినోడ్ని. నాకు సెప్తావేటే అమ్మా?"

పిక్కలు కొట్టే ఆడవాళ్ళలాగే మోచేతుల దాకా ఆముదం పట్టించుకున్నాడు. జీడి నూనెలో రంపపు పొట్టు కలిపి, నల్లటి ముద్ద చేసి రింగు చుట్టూ మెత్తాడు. సన్యాసయ్య కమోడ్ దించి బిగించాడు, దాని మీద సీటు మా ఆయన బిగించాడు. మూడు బకెట్లు పోసినా చుక్క కారలేదు.

"మావయ్య కంటే ముందు ట్రయలు నాదే," అని మా ఆయన పేపరుతో లోపలికెళ్ళి అరగంట తర్వాత వెలిగిపోతూ వచ్చాడు. "కొండలాగున్నాది!"

పదకొండున్నరకి వసారాలో కాళ్ళు ఎడంగా వేసుకుని తిరుగుతున్నాడు.

"ఏటైంది బావా?" అన్నాను.

"మంటగున్నాదే."

"ఎక్కడ?"

చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు వెలిగింది నాకు. ముద్ద మెత్తిన చేతులతోనే సీటు పట్టుకుని బిగించాడు. చేతులకి ఆముదం ఉంది. కూర్చునే చోట లేదు.

గోడకి జారబడి నవ్వుతూనే నేలకి దిగిపోయాను. మా అత్తగారు తలుపు సందులోంచి ఉద్దానం కొబ్బరి నూనె సీసా అందించి, "నాను సూడను, నువ్వే రాయే," అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ సీటు మీదే నాన్న కూర్చోవాలి. గ్లవ్స్ తొడుక్కుని కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో మూడుసార్లు తోమాను. నా ముంజేతిని సీటంతటికీ రుద్ది చూసుకున్నాను. మంట లేదు.

నాన్న సారె గంపలతో దిగాడు. సోఫాలో కూర్చున్నాడు. అల్లుడు నిలబడే ఉన్నాడు.

"కూకోండి అల్లుడుగారూ."

"పర్లేదు మావయ్యగారూ."

భోజనాల దగ్గరా అంతే. కంచం చేత్తో పట్టుకుని గుమ్మానికి ఆనుకుని తిన్నాడు. మా వైపు సారె నాడు అల్లుడు మంచం మీద కాళ్ళు చాపుకుంటాడు, మామగారు నిలబడతాడు. నాన్న కళ్ళు తడయ్యాయి. పెరట్లోకెళ్ళి అమ్మకి ఫోన్ చేశాడు. "ఏమేవ్, ఇన్నావా? మన అల్లుడు నా ముందర కూకోడే! ఎంత సెప్పినా కూకోడే!" మా అత్తగారికి మజ్జిగ పొలమారింది.

కాసేపటికి నాన్న సిగ్గుపడుతూ బాత్రూం ఎటని అడిగాడు. తలుపు బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పది నిమిషాలు. మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

"కొండలాగున్నాదమ్మా! రెండ్రోజులు కాదు, నాలుగు రోజులుంటాను."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఉమాశంకర్ నా వైపు చూశాడు. నేను కొంగు చాటునుంచి కొబ్బరి నూనె సీసా చూపించాను.