శాలువా కప్పేశాక

ఐరిస్‌ని ఉగాది సభకి పిలవమని ఇక్కడి తెలుగు సంఘం కమిటీవాళ్ల వెంటపడింది నేనే. పరదేశంలో మా అబ్బాయి ఉండే వెర్రిబీ ఊళ్లో మా పక్కిల్లే ఆవిడది. ఇంగ్లండులో పదిహేడో ఏట నాటకాల్లోకి వచ్చింది. సినిమాల్లో కథానాయిక అయింది, తర్వాత కథానాయికకి తల్లి అయింది, పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చాక ఆసుపత్రి మంచం మీద ముసలమ్మ అయింది. "కిందటి సినిమాలో నేను శవాన్ని సుందరీ, ఒక్క మాట కూడా లేదు" అని నవ్వింది ఒకసారి. నాకు నవ్వు రాలేదు. ఎనభై దాటిన మనిషి చేత అలాంటి అశుభపు వేషాలు వేయిస్తారా!

సభలో పది నిమిషాలు నటించి చూపించమన్నారు. ఇదే నా ఆఖరి స్టేజీ అంది ఐరిస్. నెల్లాళ్లు వంటింట్లో అద్దం పెట్టుకుని సాధన చేసింది. నాకేమో ఒకటే బెంగ. మెట్ల మీద జారితే? మధ్యలో మాట మరిచిపోతే? కళ్లు తిరిగితే? సంచీలో గ్లూకోజు పొడి, నొప్పుల మందు పెట్టుకుని వెళ్లాను. తీరా జరిగింది నేను భయపడనిది.

ముందు ప్రెసిడెంటు ద్వారకానాథ్ గారి ప్రసంగం. అది అవుతూనే ఉంది. తర్వాత చందాలిచ్చినవాళ్లకి శాలువాలు. ఆ వరసలోనే ఐరిస్‌నీ పిలిచి, ఒకటి కప్పి, ఫొటో తీసి, "భోజనాలు రెడీ అండీ!" అన్నారు. మనలో శాలువా కప్పారంటే ఇక దయచేయమనే. జనం లేచిపోయారు. ఆ సంగతి తెలియక ఆవిడ స్టేజీ మధ్యలోనే నిలబడి, మొదలుపెట్టనా అన్నట్టు నావైపు చూస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. స్టేజీ దగ్గరికి వెళ్లాను.

"ద్వారకానాథ్ గారూ, ఆవిడ యాక్షన్ ఏదండీ?"

"హాల్ టైమ్ అయిపోతోంది ఆంటీ. నెక్స్ట్ ఇయర్ షూర్‌గా పెడదాం."

"ఆవిడ వయసుకి నెక్స్ట్ ఇయరా! మీ స్పీచి పెట్టుకోండి నెక్స్ట్ ఇయర్‌కి!"

"అదేంటాంటీ, ఆనర్ చేశాం కదా."

"ఏం ఆనరు నాయనా! మాట్లాడడానికి పిలిచి నోట్లో గుడ్డ కుక్కారు."

పులిహోర వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమంటున్నాడు?" అని అడిగింది ఐరిస్. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: "యువర్ టర్న్ ఫినిష్ అంట."

ఆవిడ శాలువా తీసి, మడత పెట్టి, ద్వారకానాథ్ గారి చేతుల్లో పెట్టింది. "హోల్డ్ దిస్, డియర్."

మైకు అప్పటికే కట్టేశారు. అది లేకుండానే మొదలుపెట్టింది. యుద్ధానికి పోయిన కొడుకు కోసం స్టేషన్లో కాసుకుని కూర్చున్న తల్లి. సగం మాటలు నాకు అర్థం కాలేదు, గొంతు మాత్రం పులిహోర బల్ల దాటి వెళ్లింది. కొందరు పళ్లేలతోనే వెనక్కి వచ్చారు. కొందరు తింటూనే ఉన్నారు, సిగ్గులేని జనం.

ఇంతలో హాలు మనిషి తాళాలు ఆడిస్తూ వచ్చాడు, లైట్లు తీసేయడానికి. వెళ్లి స్విచ్చులకి అడ్డంగా నిలబడ్డాను. పోలీసుల్ని పిలుస్తాడేమో, మా అబ్బాయి పీఆర్, అదే ఈ దేశంలో ఉండిపోయే పర్మిషను, ఏమైపోతుందో అని భయం వేసింది. వేస్తే వేసింది. స్టేజీ మీద ఆ తల్లి ఎదురుచూసే రైలు ఇంకా రాలేదు.