బేరం తువ్వాలుకి పడ్డ కన్నం

నేను ఒక తువ్వాలుని. చీరాల మగ్గం మీద పుట్టాను. నాలుగు మూరల పొడవు, ఎర్ర అంచు. నన్ను నేసినాయన పోగుల దగ్గర పిసినారితనం చూపించలేదు. పుట్టుకతో నాకు దక్కిన లాభం అదొక్కటే.

నన్ను కొన్నది మిర్చి వ్యాపారి కొత్తమాసు రంగనాయకులు. మొహం తుడుచుకోవడానికి అనుకునేరు. మా మిర్చి యార్డులో పాత వ్యాపారులు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, దాని కింద వేళ్లు పట్టుకుని బేరం నడుపుతారు. చూసేవాళ్లకి గుడ్డ కదలడం తప్ప ఏమీ తెలియదు. పదకొండేళ్లు ఆ గుట్టు కాపాడింది నేనే. పైకి "మీ మాటే నా మాటండీ" అని నవ్వుతూ కింద వేలు మడిచేసే మనుషుల్ని చూసి చూసి, మొహాల కంటే వేళ్లనే నమ్మడం నేర్చుకున్నాను.

సరుకు ముంచెత్తే ఫిబ్రవరిలో ఒక ఉదయం, రంగనాయకులు ఒక కాయ తుంచి గింజ చూస్తూ, వెనక్కి వస్తున్న లారీని చూసుకోలేదు. లారీకీ బస్తాల వరసకీ మధ్య ఇరుక్కున్నాడు. లారీ ముందుకి కదలగానే కూలబడిపోయాడు. ఒంటి మీద చుక్క రక్తం లేదు.

"ఏం కాలేదు, లేపి కూర్చోబెట్టండి" అన్నాడు ఆయన బావమరిది మల్లికార్జునరావు.

"తాకమాకండి!" అని అరిచాడు హమాలీల మేస్త్రి సైదులు. "ఆ కాలు చూడండి, ఎట్టా తిరిగిపోయిందో. టిక్కీకి లోపల కుట్టు తెగింది."

టిక్కీ అంటే మిర్చి బస్తా. దాని కుట్టు తెగితే మూతి కట్టి లాభం లేదు, ఉబ్బిన చోట చుట్టి బిగించాలి. సైదులు ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అది. షావుకారు భుజం మీంచి నన్ను లాగాడు. నడుముకి కాదు, ఇంకా కిందికి, తొడలు తుంటిలో కలిసేచోట చుట్టాడు. చెరో కొసా ఇద్దరు లాగితే తను ముడి వేశాడు. బస్తాకీ మనిషికీ తేడా తెలియని మొరటు పని అనుకున్నాను. ఆ అంచనా తప్పింది.

అంబులెన్సులో మల్లికార్జునరావు ఊరుకోలేదు. "మా బావకి ఊపిరాడట్లేదయ్యా, కాస్త గాలి తగలనీ" అంటూ ముడి వదులు చేశాడు. చెడ్డ బుద్ధి కాదు పాపం. మనవాళ్లకి జబ్బు మనిషి కనిపిస్తే గుండీలు, మొలతాడు, జాకెట్టు ముళ్లు అన్నీ వదులు చెయ్యాలనిపిస్తుంది. రెండు వేళ్ల సందు వచ్చిందంతే. షావుకారు మొహం బూడిదరంగుకి తిరిగింది, పక్కన యంత్రం కూత పెట్టింది. సైదులు బావమరిది చేతిని తోసేసి మళ్లీ బిగించాడు. "మీ బావకి గాలి కాదు బాబూ, నెత్తురు కావాల. కూకోండి."

ఆస్పత్రిలో రక్తం సంచుల మీద సంచులు ఎక్కిస్తున్నారు, ఎక్కించింది ఎక్కించినట్టు లోపలే కారిపోతోంది. తుంటి ఎముక విరిగి లోపలి నాళాలు తెగాయని స్కానింగ్‌లో చూసి వచ్చింది డాక్టర్ హైమవతి. కత్తి పట్టే డాక్టరు కాదు. ఎక్స్‌రే తెర చూసుకుంటూ రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం నడిపే డాక్టరు.

"పొట్ట కొయ్యరా అమ్మా?" అన్నాడు బావమరిది.

"కోస్తే లోపలున్న ఒత్తిడి పోయి ఇంకా కారుతుందండీ. నేను నాళంలోంచే వెళ్లి మూస్తాను." తర్వాత నా వైపు చూసింది. "ఇది ఎవరు కట్టారు?"

"నేనేనమ్మా" అన్నాడు సైదులు, తప్పు చేసినవాడిలా. "ఇప్పమంటే ఇప్పుతా."

"నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

గజ్జల్లోంచి లోపలికి వెళ్లాలి, అక్కడ నేనున్నాను. ఆమె కత్తెరతో నాలో రూపాయి బిళ్లంత కన్నం చేసింది. పదకొండేళ్లలో నాకు తగిలిన మొదటి గాయం.

ఆ కన్నంలోంచి సేమ్యా పోగంత గొట్టం లోపలికి వెళ్లింది. ఆమె ఒంటి మీద బస్తా బరువున్న సీసపు కోటు. చేతులు మాత్రం కాయ నాణ్యం చూసే చేతుల్లా తేలిగ్గా కదిలాయి.

"మందు పోస్తున్నానండీ రంగనాయకులు గారూ. ఒళ్లంతా వేడెక్కుతుంది, కదలొద్దు."

"మిర్చి వ్యాపారిని తల్లీ" అన్నాడాయన గొణుగుతూ. "వేడికి కదుల్తానా?"

తెర మీద నాళాలు కొమ్మల్లా విచ్చుకున్నాయి. ఒక కొమ్మ చివర నల్లటి మరక, చూస్తుండగానే పెద్దదవుతోంది. డాక్టర్ గొట్టంలోంచి వెంట్రుకంత లోహపు తీగ తోసింది. బయటపడగానే అది చుట్టుకుని నాళానికి బిరడాలా కూర్చుంది. మరక తగ్గింది, పోలేదు. ఇంకో తీగ. పక్క కొమ్మలోంచి ఇంకా కారుతూనే ఉంది.

"బీపీ అరవై, మేడమ్" అంది నర్సు సుజాత. అంతలోనే, "ఈయన నా వేళ్లు లెక్కపెడుతున్నారండీ!"

నా కొస కింద షావుకారు చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. మూడు వేళ్లు పట్టుకున్నాడు, ఒకటి మడిచాడు. ఎవరితో బేరమాడుతున్నాడో నాకు తెలుసు.

"లెక్కపెట్టనీ" అంది డాక్టర్, తెర మీంచి చూపు తిప్పకుండా. "లెక్క తెలుస్తోందంటే తలకి రక్తం అందుతున్నట్టే."

ఆ వేళ్లు మెల్లగా జారిపోయాయి. అంత వదులు చెయ్యి నా కింద ఎప్పుడూ చూడలేదు. "బాబుగారూ, పట్టుకోండి" అని సుజాత పిలుస్తోంది. డాక్టర్ గొట్టాన్ని పక్క కొమ్మలోకి తిప్పి మూడో తీగ వదిలింది. తెర మీద మరక ఆగింది. యంత్రం ఇంకా పాత అంకెలే చూపిస్తోంది కానీ, నా కింద ఒక వేలు బిగుసుకుంది, దాని వెనకే ఇంకొకటి. మనిషి తిరిగొచ్చాడని ఆ గదిలో ముందు తెలిసింది నాకే.

విరిగిన ఎముకకి చట్రం బిగించే ముందు నా ముడి ఎవరికీ రాలేదు. కత్తెర తెస్తామంటే డాక్టర్ వద్దంది. సైదుల్ని పిలిపించింది, ఆయన ఒక్క లాగులో విప్పాడు. "నాకూ నేర్పవయ్యా" అందామె. సైదులు సిగ్గుతో పైకప్పు చూశాడు.

ఐదు నెలలకి రంగనాయకులు కర్ర పట్టుకుని యార్డుకొచ్చాడు. అలవాటు కొద్దీ బేరానికి నన్నే కప్పాడు. కొనేవాడి చూపుడువేలు కన్నంలోంచి బయటికి పొడుచుకొచ్చింది. యార్డంతా గొల్లుమంది. గుట్టు దాచలేని తువ్వాలు వ్యాపారికి దండగ. ఆయన నన్ను తీసి సైదులు భుజం మీద వేశాడు.

ఇప్పుడు ప్రతి సోమవారం టీల వేళకి ఈ కట్టు నేర్పడానికి సైదులు కుర్ర హమాలీల్ని పోగేస్తాడు. చేతులు పైకెత్తి మధ్యలో నిలబడేది షావుకారే. డాక్టరమ్మ ఒకసారి వచ్చి చూసి, తనూ కట్టి వెళ్లింది. నిన్న ఒక కొత్త కుర్రాడు నన్ను ఆయన నడుముకి చుట్టి గట్టిగా లాగాడు.

"నడుముకి కాదురా నాయనా, కిందికి! ఇంకా కిందికి!" అని కేకలేశాడు రంగనాయకులు. "బిగించు, మొహమాటపడకు. ఒకసారి తెగిన టిక్కీనే!"