గోడకు లోపలి వైపు

ఆదివారం పొద్దుటి పూట ఆమెకు కుట్టుమిషను లేదు, పొయ్యి లేదు, మామగారు లేరు. వారంలో మిగతా పూటలన్నీ ఆ మూడింటికీ పోగా మిగిలిన ఈ ఒక్క పూటా ఆమె గడ్డికొండకు ఇచ్చుకుంది.

ఊరి అంచున ఉన్న ఆ కొండను కాపాడుకుందామని కొందరు కలిసి ఓ బృందం పెట్టుకున్నారు. జీతం లేదు, బత్తెం లేదు, పైగా ముళ్ళు గుచ్చుకుంటాయి. కంపలు నరకడం, వాగులో చెత్త ఏరడం, వాగు వైపు తప్ప కొండను చుట్టి ఉన్న పాత రాతిగోడ ఎక్కడ కూలితే అక్కడ మళ్ళీ పేర్చడం వాళ్ళ పని. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి కూర్చోబెట్టిన గోడ అది. లోపల గడ్డిలో నేలమీదే గూడు కట్టుకునే పిట్టలున్నాయి. మేకలు చొరబడ్డాయంటే గుడ్లన్నీ డెక్కల పాలే. బృందానికి పెద్ద ఒక డ్రాయింగు మేష్టారు. బేకరీ ఆయన, మందుల షాపు కాంపౌండరు, మరి కొందరు ఆయన వెనక. వాళ్ళందరికీ ఆమె టైలరమ్మ. ఇంట్లో ఆమెను పిలవడానికి అంత మాట కూడా ఖర్చు పెట్టరు. “ఇదిగో” అన్నా ఆమే, “ఎక్కడున్నావ్” అన్నా ఆమే.

మామగారు పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మతి నిలవదు. కొడుకును పక్కింటాయన అనుకుంటారు, కోడలిని “ఏమ్మా, ఇంట్లో ఎవరున్నారు?” అని అడుగుతారు. అన్నం తిన్నది మరిచిపోతారు కాని చెప్పులు వేసుకోవడం ఎన్నడూ మరిచిపోరు. కంటికి రెప్పలా చూసుకుంటోందని వీధిలో ఆమెకు మంచి పేరు. రెప్పకు కూడా వాలే హక్కుంటుందని ఆ మెచ్చుకునేవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఆదివారం బస్సు డ్రైవరైన భర్తకు సెలవు. “ఒక్క పూట మీ నాన్నను మీరు చూసుకోండి” అని చాలాకాలం పోరితే దొరికిన పూట ఇది.

కొండ పై అంచున, రోడ్డు పక్కన గోడ ఒక్కచోటే కూలడం చలికాలం మొదట్లో మొదలైంది. కూలడమంటే కూలడం కాదు, ఎవరో తీసేవాళ్ళు. ఎన్నిసార్లు పేర్చినా మళ్ళీ వచ్చేసరికి మనిషి పట్టేంత సందు ఉండేది. తీసిన రాళ్ళు విసిరేసినట్టుండవు. పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో వరసగా పేర్చి ఉండేవి.

“మేకలవాడి పనే ఇది” అన్నాడు బేకరీ ఆయన. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అప్పటికే ఆ మాట రొట్టెలతో పాటు ఊరంతా పంచి వచ్చాడు.

“మేకలవాడికి ఇంత తీరికెక్కడిది?” అన్నాడు కాంపౌండరు. “దయ్యమైనా ఇంత పద్ధతిగా సర్దదు.”

“ఎవరైతేనేం” అన్నారు మేష్టారు. “వాడొకటి తీస్తే మనం రెండు పెడదాం.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె చూపు రాళ్ళ మీద ఉంది. రాళ్ళన్నీ గోడకు లోపలి వైపు ఉన్నాయి. రోడ్డు మీంచి వచ్చి గోడ విప్పేవాడు రాళ్ళను రోడ్డు వైపే లాక్కుంటాడు. వీటిని తీసిన మనిషి కొండ లోపలే నిలబడి తీశాడు. అంటే కింద వాగు దాటి, గడ్డిలోంచి పైకి వచ్చి, ఇలా బయటపడి వెళ్తున్నాడు. ఆ మాట అందామని నోరు తెరిచి, చివరి రాయి ఎత్తింది. దాని కింద నీలం గళ్ళ గుడ్డ ఒకటి నాలుగు మడతలుగా పెట్టి ఉంది. బడిపిల్లల చొక్కాలకని ఆ వారమే ఆమె కత్తిరించిన తానులో మిగిలిన పేలిక అది. అంచున ఆమె సుద్దముక్క గీత ఇంకా చెరగలేదు.

ఆమెకు అర్థమైంది. మధ్యాహ్నాలు మామగారు పడుకున్నారనుకుని తను మిషను తొక్కుకుంటున్నప్పుడు, ఆయన వెనక తలుపు తీసుకుని డ్యూటీకి వెళ్తున్నారన్నమాట. చెప్పులకు అంటుకున్న గడ్డిగింజలు ఎక్కడివా అని ఇన్నాళ్ళూ దులిపి పారేసింది. మిషను కింద పేలికలు తగ్గుతుంటే ఎలకలనుకుంది. ఆయన ఉద్యోగం రోజుల్లో పై రోడ్డున ఇళ్ళుండేవి. గోడలో అక్కడ నిజంగానే ఒక సందుండేది, అది పోస్ట్‌మాన్ అడ్డదారి. మతి పోయినా కాళ్ళు దారి మరవలేదు. ఊళ్ళో ఉత్తరాలు లేకపోతే ఆయన తప్పా, ఉన్న పేలికలే పంచుతున్నారు.

చెప్పేస్తే ఆ క్షణంలోనే అయిపోయేది. మేష్టారు మంచి మనిషి, ఏదో ఉపాయం ఆలోచించేవారు. కాని ఆ మాట బేకరీ దాటి, బస్టాండు చేరి, భర్త చెవిన పడుతుంది. ఆయనేమంటాడో ఆమెకు తెలుసు. “నువ్వు ఇంటిపట్టున ఉంటే ఇలా జరిగేదా? కొండలు తర్వాత ఉద్ధరిద్దువుగాని.” ఆదివారం పోతుంది. పోతే మళ్ళీ రాదు. ఆమె గుడ్డను పని చొక్కా జేబులో కుక్కుకుంది. తేలు కుట్టిన దొంగలా ఉలుకూ పలుకూ లేకుండా రాళ్ళు అందివ్వసాగింది.

ఆ వారమే వడ్రంగిని పిలిచి వెనక తలుపుకు పైన, అందీ అందనంత ఎత్తులో కొత్త గడియ వేయించింది. భర్త చూసి “ఇదెందుకు?” అన్నాడు.

“పిల్లులు దూరుతున్నాయండీ” అంది.

గడియ పనిచేసింది. మామగారు మధ్యాహ్నమయ్యేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళేవారు. చేత్తో కింది గడియ తీసి, తలుపు రాకపోతే తడిమి తడిమి, చివరికి ఆ తలుపు దగ్గరే కూర్చునేవారు. చేతిలో మడతలు పెట్టిన పేలికలు ఉండేవి. “ఇవాళ టపా ఆలస్యమైపోయిందమ్మా, జనం ఎదురుచూస్తుంటారు” అనేవారు. ఆమెకు జాలి వేసేది. జాలి వేసినా గడియ తీయలేదు.

కొండ మీద గోడ నిలిచింది. మేష్టారి ఆనందం చూడాలి. ఇక ఎవడూ కదపకూడదని ఆ చోట రెండు వరసల రాళ్ళు వేసి, ముళ్ళతీగ చుట్టి, మేకలు రాకుండా బయట గోడవారన గేటు దాకా కంపలు అడ్డం వేయించారు. తీగ కొసలు మెలిపెట్టింది టైలరమ్మే. కుట్టు విడిపోకుండా ముడి వేసే చెయ్యి కదా, పట్టకారు లేనిదే ఊడకుండా బిగించింది. “ఇది ముడి అంటే” అన్నారు మేష్టారు. ఆమె తల ఎత్తకుండా పట్టకారును ఆయన పెట్టెలో పడేసింది.

చలి తగ్గే ముందు కొండ మీద ముదురు గడ్డిని తగలబెడతారు. కొత్త గడ్డి రావాలంటే పాతది పోవాలి. దానికో పద్ధతి ఉంది. గోడకు లోపలి వైపు పొడుగునా ఓ పట్టీలా గడ్డి కోసేస్తారు. వాగు అంచున నిప్పు పెడితే మంట ఏటవాలు వెంట పైకి పాకి, కాలడానికేమీ లేక ఆ పట్టీ దగ్గర ఆగుతుంది. మనుషులు తడి గోనెలు పట్టుకుని గోడ బయట, ఒకరి కేక ఒకరికి అందనంత దూరాన కాపలా నిలబడతారు.

“పట్టీ దగ్గర మంట ఆగుతుంది” అన్నారు మేష్టారు. “పొగ ఆగదు. ఆ పొగలో మనిషి ఎంతోసేపు నిలవలేడు. కాబట్టి ఎవరూ గోడ లోపల ఉండొద్దు. తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.”

ఆ ఆదివారం ఆమె బయల్దేరుతుంటే భర్త తన ఖాకీ చొక్కా ఉతుక్కుంటున్నాడు. ఆమె గుమ్మంలో ఆగింది. చెప్పాలనిపించింది.

“వెనక తలుపు మాత్రం వేసే ఉంచండి” అంది.

“నేనున్నాగా. పిల్లి వస్తే తోలతాలే” అన్నాడు ఆయన.

అబద్ధమాడిన నోటికి నిజం అంత తొందరగా రాదు. ఆమె వెళ్ళిపోయింది. దారిపొడుగునా ఆ చొక్కానే గుర్తొచ్చింది. ఉతికిన చొక్కా ఎక్కడ ఆరేస్తారు? దండెం పెరట్లో ఉంది.

కొండ దగ్గర అందరూ పళ్ళేలు మోగిస్తూ గడ్డిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. కుందేళ్ళు, పిట్టలు లేచి పోయాయి. లోపల ప్రాణి లేదని తేల్చుకుని బయటికి వచ్చి, గాలి కుదురుకునే దాకా గేటు దగ్గర టీ తాగారు. వాగు వైపు ఎవరూ చూడలేదు. మనుషుల్ని వెళ్ళగొట్టడానికి పళ్ళేలు మోగించాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? టీ అయ్యి, మధ్యాహ్నం కావస్తుండగా ఎవరి చోటుకు వాళ్ళు వెళ్ళారు. ఆమె పై అంచున, తను తీగ బిగించిన చోటే ఉంటానని అడిగి మరీ తీసుకుంది.

కింద మేష్టారి ఈల మోగింది. కాసేపటికి గోడ మీంచి పొగ లేచింది, తర్వాత చిటపటలు. ఆకాశం మసకబారింది. ఆమె గోనె తడిపి పట్టుకుంది. గోడకు అవతల ఏదో కదిలింది. కుందేలేమో అనుకుంది. తర్వాత రాయి మీద రాయి జరిగిన చప్పుడు వచ్చింది, నింపాదిగా, పని తెలిసిన చేతులు చేసే చప్పుడు. ఆమె గోనె వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళింది.

నడుమెత్తున ఒక రాయి లోపలికి వెళ్ళిపోయి, ఆ కన్నంలోంచి ఓ ముసలి చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో మడత పెట్టిన గుడ్డముక్క ఉంది.

“టపా అండీ” అన్నారు మామగారు.

ఆమె గోడ మీద పడింది. తీగ లాగింది, అరచేతులు చీరుకుపోయాయి. తను వేసిన ముడి తనకే లొంగలేదు. పట్టకారు గేటు దగ్గర మేష్టారి పెట్టెలో ఉంది. అరిచింది. చిటపటల్లో ఆ అరుపు ఎవరికీ అందలేదు.

“మామయ్యా, వెనక మంటలున్నాయి. గోడ పక్కనే కిందికి నడవండి, గడ్డి కోసిన చోటే నడవండి. గేటుంది. నేనూ వస్తున్నా.”

కన్నంలోంచి ఆయన ముఖం సగం కనబడింది. ఆ ముఖంలో భయం అన్నది లేదు.

“ఆ దారి నా బీటు కాదమ్మా” అన్నారు ఆయన, దగ్గుతూ. “అది వేరే అతను చూస్తాడు. నేనిటే వెళ్ళాలి. ఇక్కడెవరో అస్తమానం మూసేస్తున్నారు, ఆఫీసులో చెప్పాలి.”

ఆమె బతిమాలింది. తిట్టింది కూడా, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆయన కదల్లేదు. పొగ తెరలు తెరలుగా ఆయన వెనక నుంచి వస్తోంది. అప్పుడు ఆమె చెయ్యి జేబులోకి వెళ్ళింది. నీలం గళ్ళ గుడ్డ ఇంకా అందులోనే ఉంది. దాన్ని విప్పకుండా కన్నంలో పెట్టింది.

“ఇది అర్జెంటండీ” అంది. “గేటు దగ్గర మేష్టారున్నారు. ఆయన చేతికే ఇవ్వాలి. ఇప్పుడే ఇవ్వాలి.”

ఆయన గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖం మారిపోయింది. పనున్న మనిషి ముఖం అయింది.

“అర్జెంటయితే బీటేముందమ్మా, ఎవరైనా ఇవ్వాల్సిందే” అని, గోడ పక్కన పట్టీ వెంట కిందికి నడిచారు. చెప్పుల చప్పుడు పొగలో కలిసిపోయింది.

ఆమె పరుగు తీసింది. గోడ వెంట తిన్నగా వెళ్ళడానికి లేదు. మేకలు రాకుండా తాము వేసిన కంపలే అడ్డం. రోడ్డెక్కి, చుట్టు తిరిగి పోవాలి. పరుగెత్తుతూనే ఆమె ఇక అన్నీ చెప్పేయాలనుకుంది. ఆదివారం పోతే పోనీ. కొండ పోనీ. తలుపు పక్కన తనే కూర్చుంటుంది, రోజూ ఆయన టపా అందుకుంటుంది. ఆయన గేటు దగ్గర ఉంటే చాలు.

గేటు దగ్గర పొగ దట్టంగా ఉంది. గేటు లోపలే ఒక తుప్ప అంటుకుంటే మేష్టారు వంగి, గోనెతో దాన్ని కొడుతున్నారు. ఆయన ముక్కుకు నీలం గళ్ళ గుడ్డ కట్టి ఉంది. ఆమె ఆయన భుజం పట్టుకుని తిప్పింది.

“ఇదెక్కడిది? ఇచ్చినాయనేరీ?”

మేష్టారు కళ్ళు నులుముకున్నారు. ఏడ్చినట్టు నీళ్ళు కారుతున్నాయి ఆయనకు.

“ఎవరో వెనక నుంచి చేతిలో పెట్టారమ్మా. కాంపౌండరేమో, పొగకు కట్టుకోమని ఇచ్చాడనుకున్నా. ఈ పొగలో మొహం ఎక్కడ కనబడి చచ్చింది.”

“ఎటు వెళ్ళారు?”

“పై ఇంటావిడ ఇంకా గోడ దగ్గరే నించుందిట, ఆవిడ టపా ఇవ్వలేదుట. నాకేం అర్థం కాలేదు.” అని ఆయన గోడ లోపలి వైపు, పైకి చెయ్యి చూపించారు.

ఆమె పెట్టెలోంచి పట్టకారు లాక్కుని వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. వెనక మేష్టారు ఏదో అరుస్తున్నారు. ఎవరో ఈల ఊదుతున్నారు. రోడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి పై అంచు నుంచి ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది. రాయి తీసి రాయి పక్కన పెడుతున్న చప్పుడు, నింపాదిగా, ఒకదాని తర్వాత ఒకటి. “వస్తున్నా మామయ్యా, అక్కడే ఉన్నా” అని అరిచింది. ఆమె అక్కడ లేదు. కంపలు అడ్డం వచ్చినచోట ఈసారి చుట్టు తిరగలేదు, వాటిలోకే దూకింది. బట్టలు చిరిగాయి, ఒళ్ళంతా చీరుకుపోయింది.

సగం దూరంలో ఆ చప్పుడు ఆగిపోయింది. ఆమె ఇంకా పరుగెత్తుతూనే ఉంది.