వేడెక్కించి తెచ్చిన కారు

చెల్లెలు తన అక్క మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపేసరికి వెనక గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమని వచ్చి తుక్కు బాబాయి తెల్లచొక్కా మీద వాలింది. ఆయన పాత బళ్లు కొని, విడగొట్టి అమ్మే మనిషి. బేరం చేజారిపోతుందేమోనని వెంటే వచ్చాడు.

"అమ్మాయ్, ఇది కారు కాదే, కట్టెల పొయ్యి. పొగతో సహా తీసుకుంటా, ఇచ్చేయ్."

చెల్లెలు ఇంజన్ ఆపి కారు దిగింది. రోజూ రెండు పూటలా ఆ కారులో ఆరుగురు పిల్లల్ని బడికి చేర్చి తేవడమే ఆమె బతుకు. నెల రోజులుగా లోపలంతా పెట్రోలు వాసన. పిల్లలకి తల తిరుగుతోందని, సోమవారం నుంచి వేరే బండి చూసుకుంటామని తల్లులు చెప్పేశారు. ఇవాళ శనివారం. మూడు పెద్ద షెడ్లకి తిప్పింది. ఒకరు ప్లగ్గులు మార్చారు, ఒకరు ఇంజెక్టర్లు కడిగారు, మూడోవాడు ఇంజన్ పనైపోయిందని తేల్చాడు. రెండు వీధుల అవతల సొంత అక్కే మెకానిక్కని తెలిసీ ఇటు రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఇవాళైనా, అమ్మ పోరు పడలేక వచ్చింది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది.

"ఎంతసేపు తిప్పావే?"

"అరగంట. చల్లగా ఉంటే మొరాయిస్తుందక్కా. నీ ముందు పరువెందుకని వేడెక్కించి తెచ్చా."

"భలే పని చేశావు తల్లీ! జ్వరం బిళ్ల మింగించి డాక్టరు దగ్గరికి తెచ్చినట్టుంది. రాత్రంతా పడుకున్న బండిలో ఇంజన్ పీల్చే గాలి వేడి, ఇంజన్ని చల్లబరిచే నీళ్ల వేడి ఒక్కటే చూపించాలి. చల్లగా తెచ్చుంటే ఒక్క చూపులో తేలేది."

"నాకు పదింటికి ఇంకో బేరం ఉంది," అన్నాడు బాబాయి.

"ఆ స్టూలు మీద కూర్చో బాబాయ్. కదిలావంటే అది కూడా తుక్కే."

అక్క ఒక ప్లగ్గు విప్పి చూసింది. కాటుక గరిటెలా ఉంది. వాసన చూసి తల పంకించి, ఇంజన్ లోపలి లెక్కలు చూపించే, చేతిలో పట్టే చిన్న తెరని కారుకి తగిలించింది. అంకెలు ఒక్కొక్కటే చదువుతూ పోయి, ఒకచోట ఆగింది.

"ఇదిగో, లోపలికి వెళ్లే గాలి రెండు డిగ్రీలట. మనకి చెమటలు కారుతుంటే దీనికి వణుకు పుడుతోంది. చలిగాలి చిక్కగా ఉంటుంది కదా, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ పోస్తోంది పాపం. ఇంజన్ మంచిదేనే. దానికి అందే కబురే తప్పు."

"మరి తేడా వస్తే వెలిగే లైటు వెలగలేదేం?" అంది చెల్లెలు.

"బొత్తిగా చచ్చుంటే వెలిగేది. ఇది బతికుండి, నమ్మేలాగే అబద్ధమాడుతోంది."

"అయితే అది మార్చేయ్!"

"ఆగు. ఏదీ తేల్చుకోకుండా చెయ్యి పెట్టడం, ఆ మూడు షెడ్లూ చేసిందదే. తప్పు కబురు చెప్పేవాడిదో, తీగదో ముందు తెలియాలి."

గాలి గొట్టంలోంచి బొటనవేలంత ముక్కని బయటికి లాగింది. గాలి వేడి కనిపెట్టే సెన్సరు అదే. తన పాత కారులోంచి అలాంటిదే ఊడదీసి తెచ్చి అదే తీగకి తగిలించింది. తెర మీద ముప్ఫై మూడు. అప్పుడు దాన్ని గుప్పిట్లో మూసి పట్టుకుంది. ముప్ఫై నాలుగు. ముప్ఫై ఐదు. గ్రీజు పట్టిన ఆ గుప్పిటి వైపు చెల్లెలు రెప్ప వేయకుండా చూసింది. చిన్నప్పుడు తన కంట్లో నలక పడితే నోటి ఆవిరితో కొంగు వెచ్చబరిచి అద్దిన చెయ్యి అదే. ఇంత నేర్పు ఎప్పుడు పట్టుబడింది దానికి? అక్క గుప్పిట విప్పగానే అంకె మెల్లగా దిగింది.

"తీగ మంచిదే."

చెల్లెలి కారులోంచి తీసిన ముక్కకి పట్టిన నూనె మకిలి తుడిచి, కరెంటుకి అడ్డు ఎంతో కొలిచే మీటరుకి తగిలించింది. చల్లటి నీళ్ల సీసాకి ఆనించింది, తర్వాత జుట్టు ఆరబెట్టే మిషను పెట్టి వేడిగాలి కొట్టింది. వేడి తగిలితే ఆ అడ్డు తగ్గి మీటరులో అంకె బాగా పడిపోవాలి. అది ఉన్నచోటే ఉంది.

"వేడికీ లొంగదు, చలికీ లొంగదు. అచ్చం మీ బావే!"

బాబాయి ఫక్కున నవ్వాడు.

అక్క తన కారు ముక్కనే బిగించి స్టార్టు చేసింది. రెండు నల్లటి బుడగల్లాంటి పొగలు వదిలి కారు నిదానంగా గుర్రుమంది. బాబాయి లేచి వెళ్లి గొట్టం దగ్గర జేబురుమాలు పట్టాడు. చాలాసేపు పట్టుకుని తిప్పి చూశాడు. తెల్లగానే ఉంది.

"ఇక నాకు అమ్మవులే," అన్నాడు.

"అమ్మను బాబాయ్." చెల్లెలు అక్క వైపు తిరిగింది. "అక్కా, ముందే నీ దగ్గరికి..."

"రేపు పొద్దున తీసుకురా," అంది అక్క, స్పానర్లు సర్దుకుంటూ. "చల్లగా ఉన్నప్పుడు చూస్తేగాని నాకు నమ్మకం కుదరదు. ఆ తర్వాతే సోమవారం పిల్లల్ని ఎక్కించుకుందువు."

మర్నాడు అక్క షట్టరు ఎత్తేసరికి, కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని చెల్లెలు కారు తోసుకొస్తోంది. వెనక భుజం ఆనించి, ఉతికిన తెల్లచొక్కాలో తుక్కు బాబాయి రొప్పుతున్నాడు.

"ఇంజన్ స్టార్టే చేయలేదక్కా!" అంది చెల్లెలు, ఆయాసపడుతూనే.

అక్క బానెట్ మీద అరచెయ్యి వేసింది. ఈసారి తీయలేదు. రెండో చేత్తో తెర తగిలించి చెల్లెలి ముందు పెట్టింది.

"నువ్వే చదువు."

గాలి ఇరవై నాలుగు. నీళ్లు ఇరవై నాలుగు.