అంచున కూర్చున్నావిడ

"రెండంగుళాలేగా, కోసెయ్. ఆవిడేమన్నా టేపు పెట్టి చూసుకుంటుందా?" అన్నాడు భర్త, ఉల్లిపాయ తరగమన్నంత తేలిగ్గా.

అసలు సంగతేమిటంటే, కొలత తప్పింది. తప్పిందన్న మాట ఆయన నోట రాదు కదా, కాబట్టి ఫ్రేములో పెట్టాల్సిన బట్టే ఎక్కువైంది. ఫ్రేము తయారై బల్ల మీద ఉంది, నాలుగు మూలలూ అతుక్కుని, రంగు ఆరిపోయి. మంచి కర్ర, పారేస్తే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది. పెళ్ళాం చేతిలో కట్టర్ ఉండనే ఉంది.

ఫొటో ఫ్రేముల దుకాణం వాళ్లది. ముందు గదిలో ఆయన కబుర్లు చెబుతూ కొలతలు తీసి చీటీ రాస్తాడు. వెనక గదిలో ఆమె ఆ చీటీ ప్రకారం కర్ర కోసి, మూలలు కలిపి, అద్దం తుడిచి, మేకులు కొడుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. "ఏం పనితనమండీ మీ చేతిది" అని ఎవరైనా అంటే ఆయన తల కాస్త పక్కకి వంచి, వినయంగా ఆ మెప్పు అందుకుంటాడు. అబ్బో, ఆ వినయం చూసి తీరాలి. చీటీలో కొలత తగ్గిన ప్రతిసారీ కోత బొమ్మకే పడింది. ఎవరిదో సంతకం పోయింది, ఎవరివో పాదాలు పోయాయి, ఒకసారి ఒక కుటుంబం ఫొటోలో చివర నిలబడ్డ ఆడమనిషి భుజం దాకా పోయింది. అడిగితే ఆవిడే అడగాలి, ఆవిడ అసలు దుకాణానికే రాలేదు. కోసినవి మాత్రం ఈమె చేతులే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి సిగ్గుగా ఉంటుంది.

ఈ బట్ట సందు చివర ఇస్త్రీ చేసే ఆవిడది. నాలుగు రోజుల కిందట మడత పెట్టి తెచ్చింది, పాత తెల్ల దుప్పటి ముక్క. "మాడిపోయిన దుప్పటికి ఫ్రేమా" అని ఆయన నవ్వడం విని, ఈమె చేతికంటిన జిగురు తుడుచుకుంటూ వెనక గదిలోంచి బయటికొచ్చింది. రంగు లేదు, కుంచె లేదు. వేడి ఇస్త్రీపెట్టెతో కావాలని కాల్చి వేసిన బొమ్మ. పైన కొస, కింద వెడల్పు; ఒక్కో ముద్రా అటు తిరిగి కూర్చున్న ఆడమనిషిలా ఉంది. ఎక్కువసేపు ఆనిస్తే ముదురు గోధుమ, ఇలా ఆనించి అలా తీస్తే తేనె రంగు. వరసలు వరసలుగా ముప్పై నలభై మంది కూర్చున్నారు. ఎవరు పిలిచినా లేచేలా లేరు. సూర్యాస్తమయాలకీ, గుర్రాలకీ, జలపాతాలకీ లెక్కలేనన్ని అద్దాలు తొడిగింది ఆమె. ఒక బొమ్మ ముందు కాళ్లు కదలకపోవడం అదే మొదటిసారి.

కుడి అంచున, వరసలకి దూరంగా, ఒక ముద్ర సగమే పడి ఉంది. ఇదెవరక్కా అని అడిగింది.

"నేనే చెల్లీ. అన్నిటికన్నా ముందు పడింది అదే. కొత్త కాపురం. రేడియోలో పాట వింటూ పెట్టె ఎత్తడం మరిచిపోయా. మా అత్త వీపు మీద ఒక్కటిచ్చింది. దుప్పటి పారెయ్యమంటే దాచుకున్నా. మిగతావాళ్లని తర్వాత నేనే కూర్చోబెట్టా, తోడుంటారని."

ఏం పాట అంటే, ఆవిడ అక్కడే నిలబడి కూనిరాగం తీసింది. ఈమెకి ఆ పాట తెలుసు.

కాలేజీ రోజుల్లో రేడియో ముందు కూర్చుని, బటన్ మీద వేలుంచి, కాచుకుని కాచుకుని క్యాసెట్లో పట్టుకున్న పాట అది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో అచ్చంగా తనదంటూ ఉన్నది ఆ క్యాసెట్ ఒక్కటే. పెళ్లయిన మూడో నెలలో దుకాణం ప్రచారానికి ఆయనకి ఖాళీ క్యాసెట్ కావాల్సొచ్చింది. ఖాళీది దొరకలేదు, ఇది దొరికింది. ఆ తర్వాత రెండో చరణం మధ్యలో పాట తెగిపోయి, రండి బాబూ రండి, మీ ఫొటోలకు మా ఫ్రేములు అని ఆయన గొంతు. ఆమె ఏడిస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. "పాటేగా, ఎవరో పోయినట్టు ఏమిటా ఏడుపు" అంది అత్తగారు. "ఏం, నా గొంతు పాటకంటే తీసిపోయిందా" అన్నాడాయన. చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పుకునే వేడుకైపోయింది అది. కొన్నాళ్లకి ఆమె కూడా నవ్వడం నేర్చుకుంది. ఘోరమేమిటంటే, ఆ పాట మనసులో మెదిలినా సరే, సరిగ్గా అక్కడికి రాగానే లోపల కూడా ఆయనే అరిచేవాడు. దాంతో మనసులో పాడుకోవడం కూడా మానేసింది.

ఇవాళ పొద్దున వెనక గదిలో ఫోనులో వెతికింది. దొరికింది. ఇన్నేళ్లూ వెతకాలనే తోచలేదు, చూడండి. రెండో చరణం మధ్యకి రాగానే అలవాటుగా భుజాలు బిగబట్టుకుంది. ఎవరూ అరవలేదు. పాట సాగిపోయింది. దానికి మూడో చరణం కూడా ఉందన్న సంగతే మరిచిపోయింది. అక్కడ పాడే మనిషి గొంతు కిందికి దిగి, తొందరేమీ లేకుండా, ఎవరినీ అడగకుండా తన దారిన తను వెళ్లింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. నిండుగా, హాయిగా ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే ఆయన వచ్చి కోసెయ్యమన్నాడు. ఎక్కడ కొయ్యాలో కూడా వేలు పెట్టి చూపించాడు, కుడి అంచున. ఇది ఎలాగూ సరిగ్గా పడలేదు కదా అని.

"కొయ్యను" అంది.

ఆయనకి వినపడలేదు. నిజంగానే వినపడలేదు, ఆ మాట ఆ గదిలో ఇంతవరకూ పుట్టలేదు మరి. ఇటివ్వు, నేనే కోస్తా అని చెయ్యి చాచాడు. ఆమె బట్ట మడిచి చంకలో పెట్టుకుని, సుత్తి తీసి, ఫ్రేము మూలల మీద ఒక్కొక్క దెబ్బ వేసింది. నాలుగు కర్రలూ విడిపోయాయి. ఎక్కడ కొడితే విడిపోతాయో, కలిపిన మనిషికి కాక ఎవరికి తెలుస్తుంది?

"తప్పింది మీ కొలత. కోత మీ కర్రకే పడాలి" అంది.

మతి పోయిందా అన్నాడు. బంగారంలాంటి కర్ర అన్నాడు. పాటలు వినే ఆడది కొంప ముంచుతుందని మా అమ్మ ఆనాడే చెప్పింది అన్నాడు. ఇంకా చాలానే అనేవాడు కానీ, ముందు గదిలోంచి ఇస్త్రీ ఆవిడ గొంతు వినపడింది. అయిపోయిందా అండీ అని. ఆయన మొహం సర్దుకుని బయటికెళ్లి, కర్ర ఇంకా రాలేదమ్మా, ఆలస్యమవుతుంది అన్నాడు, చక్కగా, తడుముకోకుండా.

ఆమె వెనకే వచ్చి నిలబడింది. దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు. ఉండనీ అనుకుంది.

"కర్ర వచ్చిందక్కా. ఆయన రెండంగుళాలు తక్కువ కొలిచారు. నీ బట్ట కొయ్యమన్నారు. నేను ఫ్రేమే విరిచేశాను. ఇంకోటి నేనే కట్టి ఇస్తాను."

ఇస్త్రీ ఆవిడ ఆమె చేతుల వైపు చూసింది, వేళ్ల మీది పాత గాట్ల వైపు.

"ఫ్రేములు కట్టేది నువ్వా?"

"నేనే. ఇన్నాళ్లూ ఇక్కడికొచ్చినవాళ్ల బొమ్మలు కోసింది కూడా నేనే. ఇక కొయ్యను."