అప్పుల వైపు రాసిన సొమ్ము

దశరథం సారు చేసిన తప్పు ఒక్కటే. శనివారం గంట కొట్టగానే పాఠం మధ్యలో ఆపేశాడు.

అరవై నాలుగో సంవత్సరం. హుస్నాబాద్ అవతలి ఆ ఊరి బడిలో కామర్స్ మొదలై రెండేళ్లే అయింది. పాఠ్యపుస్తకంలో ఇద్దరు వర్తకులు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకరికొకరు సబ్బులు అమ్ముకుంటూ ఉంటారు. ఆ సబ్బులతో పిల్లలకు ఆవలింతలు తప్ప లెక్కలు రావడం లేదని గ్రహించి, సారు పత్రికలో వచ్చే కంపెనీల వార్తలు కత్తిరించి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. పత్రిక బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. అయినా సబ్బులకంటే తాజాదే.

ఆ శనివారం కరీంనగర్‌లోని మానేరు నూనెమిల్లు లెక్క అచ్చయింది. సారు సంబరానికి కారణముంది. పల్లికాయ పండించే ఆ ఊరి రైతులు మూడేళ్ల కిందట పదేసి రూపాయల వాటాలు కొన్న మిల్లు అదే. ఆయన తరగతిలోని కొండల్ వాళ్లమ్మ లస్మవ్వయితే వెండి కడియాలు అమ్మి మరీ ఇరవై వాటాలు కొన్నది.

బోర్డు మధ్యలో సారు నిలువుగీత గీసి ఎడమవైపు 'అప్పులు', కుడివైపు 'ఆస్తులు' అని రాశాడు. అప్పుల కింద వాటాదార్ల మూలధనం నాలుగు లక్షలు, బ్యాంకు బాకీ లక్ష. ఆస్తుల కింద మిల్లు, మిషన్లు, సరుకు, నగదు కలిపి అయిదు లక్షలు.

"మన మూలధనం అప్పుల వైపు ఎందుకుందో ఆలోచించుకుని రండి. సోమవారం చెప్తా" అన్నాడు. గంట కొట్టింది.

పిల్లలు బుద్ధిమంతులు, ఆలోచించారు. ఇళ్లకు పోయి తండ్రులతో కలిసి ఆలోచించారు. ఆదివారం మధ్యాహ్నానికల్లా మిల్లుకు అయిదు లక్షల అప్పుందని, మన సొమ్ము కూడా ఆ అప్పుల్లోనే కలిసిపోయిందని, సారే బోర్డు మీద రాసి చూపించాడని ఊరంతా తెలిసిపోయింది. పల్లికాయ కొనే శంకరయ్య సేటు మనసు కరిగిపోయింది. మునిగే మిల్లే అయినా ఊరివాళ్ల ముఖం చూసి పది రూపాయల వాటా అయిదుకు కొంటానని, పేరు మార్చే కాగితాలు ఇంటింటికీ పంపి, వేలిముద్ర వేసి సోమవారం అంగడికి తెమ్మని చెప్పించాడు. దయగల మనిషి మరి.

సాయంత్రం కొండల్ తండ్రి గంగయ్య సారు గదికి వచ్చాడు. వెనకే లస్మవ్వ. గంగయ్య కొట్లాటకు రాలేదు. కొట్లాటకు వచ్చినా సారుకు అంత బాధ ఉండేది కాదు.

"సారూ, గీ కాగితం జర సదివి చెప్పుండ్రి. నిషానీ యాడ పెట్టాలె?"

అది ఇరవై వాటాలు సేటు పేరుకు మార్చే పత్రం. సారు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ కడియాల సొమ్ము సగానికి పోతోంది, పోగొడుతున్నది తన పాఠం.

"గంగయ్యా, ఇది అప్పు కాదు. సంస్థ వేరు, వాటాదారు వేరు. సంస్థ దృష్టిలో మూలధనం ఒక బాధ్యత..."

గంగయ్య పెళ్లిమంత్రాలు విన్నంత మర్యాదగా విన్నాడు. "అయితే అప్పే కదా సారూ" అన్నాడు.

లస్మవ్వకు అక్కడ నిలబడే తీరిక లేదు. "తొందరగా కానియ్యుండ్రి. మేకలు కాసే కొమురెల్లి మంద తోలుకొచ్చే యాళ్లయింది. నా మేక ఈనింది, పిల్లల్ని పంచుకోవాలె."

"కొమురెల్లి మందల నీ మేకలున్నయా లస్మవ్వా?" సారు నోట్లో పుస్తకం భాష పోయి దానంతటదే ఊరి భాష వచ్చింది.

"ఆరున్నయి. పాలుకిచ్చిన. మేపుడు ఆయనది, మేకలు నాయి, పుట్టిన పిల్లలు చెరిసగం."

"దొడ్డి ఆయనదే. ఎవరన్న వచ్చి దొడ్ల మేకల్ని లెక్కవెడితే నీయి కూడ వస్తయా?"

"వస్తయి. దొడ్లనే ఉంటయి కద."

"మరి గా మేకలన్ని కొమురెల్లివేనా?"

"ఎట్లయితయి? నా ఆరు నాకియ్యాలె."

"ఇయ్యాలె కాబట్టి ఆయన యాడ రాసుకోవాలె?"

లస్మవ్వ వేళ్ల మీద లెక్కవేసుకుంది. గంగయ్య ఆమె వైపు, సారు వైపు మార్చి మార్చి చూశాడు.

"అంటె, మిల్లే కొమురెల్లా సారూ?" అంది లస్మవ్వ.

"మిల్లే కొమురెల్లి. కాకుంటె మిల్లుకు సొంత మేక ఒక్కటి లేదు. దొడ్ల యాభై ఉన్నయనుకో, నలభై మీ అందరియి, పది బ్యాంకుయి. కుడిపక్క దొడ్ల ఏమున్నయో రాస్తరు. ఎడమపక్క ఎవరెవరికి ఇయ్యాల్నో రాస్తరు. రెండు పక్కల గవే యాభై."

"గట్లయితే మిల్లు మనకు బాకీ. మనం పడ్డ అప్పు కాదు" అని లస్మవ్వ నవ్వింది. సారుకు ప్రాణం లేచి వచ్చింది. నాలుగేళ్ల కాలేజీ చదువులో ఆయన పొందిన సంతోషమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆమె అంతటితో ఆగలేదు. "మరి తోడేలు పడితే?"

నిజం చెబితే ఆమె రేపు నిషానీ పెట్టేస్తుందేమో. చెప్పకపోతే తానూ సేటూ ఒకటే. సారు చెప్పాడు. "ముందుగాల బ్యాంకు తన పది తోలుకపోతది. మిగిలినయే మీయి. ఏం మిగులకుంటె ఏం లేదు."

గంగయ్య చెయ్యి కాగితం మీదికి పోయింది. లస్మవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"తోడేలు పడ్డదా ఇప్పుడు?"

"కాగితంల అయితే పడలే. పోయినేడు తొమ్మిది వేలు లాభం, గీయేడు ఇరవై రెండు. ముందట ఏమయితదో నాకు తెల్వది."

"కొమురెల్లి మందల ఏటా ఒకటో రెండో పోతనే ఉంటయి. గందుకని మేకలు అమ్ముకున్ననా?" కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

సోమవారం అంగట్లో ఆమె సేటు దుకాణం పక్కనే తిష్ట వేసింది. కాగితంతో వచ్చిన ప్రతివాడికీ దొడ్డి సంగతి చెప్పింది. సేటుకు చిర్రెత్తింది.

"కంపెనీ లెక్కలు నీకేం తెలుస్తయి లస్మవ్వా?"

"నాకు తెల్వయి సేటూ. మునిగే మిల్లును నువ్వెందుకు కొంటున్నవో గదొక్కటి చెప్పు."

సేటుకు అప్పటికప్పుడు తూకాల పని ముంచుకొచ్చింది. అయితే ఆమె వచ్చేలోపే మూడిళ్ల వాటాలు పోయాయి. ఆ మూడిళ్ల ముందునుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా సారు తల దించుకునేవాడు.

ఆ సాయంత్రం లస్మవ్వ మళ్లీ వచ్చింది. "దొడ్ల ఎన్ని మేకలున్నయో ఎవరు చూస్తరు సారూ?"

పత్రిక ముక్క అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది సారు చదివాడు. ఇరవై ఎనిమిదిన కరీంనగర్‌లో వాటాదార్ల సభ, అందరూ రావలెనని మనవి. మూడేళ్లుగా పిలుస్తూనే ఉన్నారు. ఊరి నుంచి ఒక్కరూ పోలేదు.

"మనల్ని పిలుస్తున్నరా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. కాగితం మీద తనను ఎవరైనా రమ్మనడం ఆమెకు అదే మొదలు.

ఇరవై ఎనిమిది పొద్దున బస్సులో తొమ్మిది మంది ఎక్కారు. సారు బడికి సెలవు పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు. కొత్త చీరలు, తలపాగాలు చూసి గుడికి పోయేవాళ్లనుకుని కండక్టర్ అలవాటుగా టికెట్ల కట్ట తీశాడు.

"యాములాడ రాజన్న దగ్గరికేనా అవ్వా?"

"కాదు బిడ్డా, కరీంనగరే" అంది లస్మవ్వ డబ్బులు అందిస్తూ. "మా మిల్లుకు."